ఎల్లమ్మకు విడిచిన ఆడపిల్లలు

బాన్సువాడకు వర్ని ఏమంత దూరం కాదు. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలు విడిపోయినప్పుడు బాన్సువాడ కామారెడ్డికి వెళ్ళింది, వర్ని నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. అంతకుముందు రెండూ ఒకే జిల్లా. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో ఈ ప్రాంతమంతా వరి, చెరుకు పండాయి. పంటలు మారాయి గాని, దళితవాడల్లో ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో విడిచి జోగినిని చేసే ఆచారం మారలేదు.

ఇంట్లో జబ్బు నయం కాకపోయినా, మగపిల్లలు పుట్టకపోయినా మొక్కు ఆడపిల్ల మీద పడేది. ఈడేరకముందే దేవత పేర తాళి కట్టేవారు. ఈడేరాక ఆమె శరీరం మీద ఊరి పెద్దలు హక్కు చలాయించేవారు. ఇక ఆమెకు పెళ్ళి లేదు. జాతరల్లో చిందెయ్యాలి, శవయాత్ర ముందు ఆడాలి.

కౌమారమంటే ‘నేనెవరిని?’ అని వెతుక్కునే వయసని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో రాశాడు. జోగినికి ఆ వెతుకులాట మిగలలేదు. ఆమె ఎవరో ఊరు ముందే తేల్చేసింది. బాల్యంలో పడ్డ హింస ఎన్ని రకాలైతే పెద్దయ్యాక కుంగుబాటు, తాగుడు, ఆత్మహత్యాయత్నం అంత ఎక్కువని అమెరికాలో పరిశోధకులు ఫెలిట్టి, ఆండా 1998లో చూపించారు. అయితే వాళ్ళు అడిగింది ఎక్కువగా ఇంట్లో జరిగే హింస గురించి. డప్పులు కొట్టి ఊరంతా కలిసి చేసే హింస ఆ ప్రశ్నల్లో లేదు. కొట్టిన తండ్రిని పిల్ల మనసులోనైనా తిట్టుకోగలదు. ఇది అమ్మవారి ఆనతి అని నమ్మించినప్పుడు ఎవరిని తిట్టుకుంటుంది? నేరం తన నుదుటిరాతదే అనుకుంటుంది.

చట్టం ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్ళ తరబడి పోరాడితే మద్రాసు రాష్ట్రంలో 1947లో ఇలాంటిదే అయిన దేవదాసీ ఆచారానికి నిషేధం వచ్చింది. అప్పటికి తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉంది కనుక అది ఇక్కడికి రాలేదు. ఆంధ్రప్రదేశ్ చేసిన 1988 చట్టం జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లన్నిటినీ కలిపి నిషేధించింది. బిడ్డను దేవతకు విడిచిన తల్లిదండ్రులకూ శిక్ష రాసింది.

చట్టం చేయలేని పని వర్నిలో జరిగింది. అప్పటికే స్టూవర్టుపురంలో నేరస్థుల సంస్కరణకు పూనుకున్న హేమలతా లవణం, లవణం దంపతులు వర్నిలో జోగినుల కోసం ‘చెల్లి నిలయం’ నెలకొల్పారు. ఆమె కవి గుర్రం జాషువా కుమార్తె, ఆయన నాస్తికవాది గోరా కుమారుడు. 1985-90 మధ్య ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్న కుముద్‌బెన్ జోషి అండగా నిలిచారు. తాళి తెంపడంతో ఆ పని ముగియలేదు. ఊరు వేసిన ముద్రను తనే నమ్మిన మనిషికి పనీ, తోడూ, పెళ్ళాడే హక్కూ తిరిగి దక్కాలి.

జోగినుల పిల్లల సంగతి మరీ చిక్కు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర కలం ఆగిపోయేది. తల్లి అనుభవించిన అవమానం అలా ఆరేళ్ళ బిడ్డకూ అంటుకునేది.