112 ఎకరాల లెక్క

2005 మే 13, శుక్రవారం. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, గ్రోటన్ అనే ఊళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. మూసేయదలచుకున్న సైనిక స్థావరాల జాబితాని పెంటగాన్ ఆ పొద్దున బయటపెట్టింది. అందులో మా ఊరి సబ్‌మెరైన్ బేస్ ఉంది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి పిల్లలందరికీ తెలిసిపోయింది. నేవీ వాళ్ళ పిల్లలు పెద్దగా చలించలేదు. రెండు మూడేళ్ళకోసారి సామాను సర్దుకోవడం వాళ్ళకి అలవాటే. ముఖాలు వాడిపోయింది ఊరి పిల్లలవి. ఒకమ్మాయి తండ్రి సబ్‌మెరైన్లు కట్టే ఎలక్ట్రిక్ బోట్ షిప్‌యార్డులో వెల్డరు. "మిసెస్ రావ్, వాళ్ళంటే వెళ్ళిపోతారు, మేమెక్కడికి పోవాలి?" అంది.

నేను విశాఖ పిల్లని. నాన్న నేవల్ డాక్‌యార్డులో ఫిట్టరు. నేవీ ఒక ఊరికి ఎలా అన్నం పెడుతుందో చూస్తూ పెరిగాను. ఆ అమ్మాయికి చెప్పడానికి మాట దొరక్క, ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్ళి మా బేస్ పుట్టుక గురించి చదవడం మొదలుపెట్టాను.

పేరుకి అది న్యూ లండన్ బేస్. ఉన్నది మాత్రం నదికి ఇవతల, గ్రోటన్ వైపు. ఆ నది పేరు థేమ్స్. లండన్ వాళ్ళలా 'టెమ్స్' అంటే ఇక్కడివాళ్ళు ఊరుకోరు, రాసినట్టే పలకాలి. 1868లో కనెటికట్ రాష్ట్రం ఈ నది ఒడ్డున 112 ఎకరాలు నేవీకి ఉచితంగా రాసిచ్చింది. పిలిచి పీట వేసినా అతిథి మాత్రం సరిగ్గా కూర్చోలేదు. రెండు ఇటుక భవనాలు, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఒక రేవుకట్ట, అంతే. తర్వాత ఓడలకి బొగ్గు నింపే చోటుగా కొన్నాళ్ళు గడిచింది. ఓడలు చమురుకి మారాక ఆ పనీ పోయింది. 1912లో మూసేద్దామనుకున్నారు.

అప్పుడు అడ్డుపడినవాడు పక్కనున్న నార్విచ్ ఊరివాడు, కాంగ్రెస్ సభ్యుడు ఎడ్విన్ హిగ్గిన్స్. ఆయన బాధల్లా తన ప్రాంతానికి వచ్చే ఫెడరల్ డబ్బు ఆగిపోతుందనే. ఆ మాట చదివి కొందరు పెదవి విరుస్తారు. నేను విరవను. ఆయన పట్టు పట్టకపోతే, 1915 అక్టోబర్ 13న 'ఓజార్క్' అనే ఓడ వెంట నాలుగు సబ్‌మెరైన్లు వచ్చేసరికి ఇక్కడ రేవే ఉండేది కాదు. 1916లో ఇదే అమెరికా నేవీకి తొలి సబ్‌మెరైన్ బేస్ అయింది. 1930లో వంద అడుగుల పైచిలుకు ఎత్తున నీటి టవర్ కట్టారు. మునిగిన సబ్‌మెరైన్ నుంచి బతికి బయటపడడం ఎలాగో కుర్రాళ్ళు అందులోనే నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేస్ విస్తీర్ణం నాలుగు రెట్లు దాటింది. తొలి అణు సబ్‌మెరైన్ 'నాటిలస్' 1954లో నీళ్ళలోకి దిగింది కూడా ఈ గ్రోటన్‌లోనే.

1993లో సబ్‌మెరైన్లని ఇక్కణ్ణించి తరలిస్తామన్నారు, ఆ ప్రతిపాదనల్ని పరిశీలించిన కమిషన్ ఒప్పుకోలేదు. 2005లో ప్రతిపాదన ఇంకా పెద్దది. సబ్‌మెరైన్లు వర్జీనియాలోని నార్‌ఫోక్‌కీ, జార్జియాలోని కింగ్స్ బేకీ పోవాలి. శిక్షణ పాఠశాల కింగ్స్ బేకి పోవాలి. పెంటగాన్ జాబితాని పరిశీలించడానికి ఆ ఏడాది తొమ్మిది మందితో స్వతంత్ర కమిషన్ వేశారు. పెంటగాన్ తన ప్రమాణాలు తనే తప్పిందని వాళ్ళలో ఎక్కువమంది నమ్మితేనే ఒక పేరు జాబితాలోంచి పోతుంది. ఆ తర్వాత అధ్యక్షుడైనా, కాంగ్రెసైనా జాబితాని మొత్తంగా ఒప్పుకోవాలి, లేదా మొత్తంగా కాదనాలి.

అంటే కన్నీళ్ళకి అక్కడ విలువ లేదు, తప్పు చూపించాలి. గవర్నర్ జోడీ రెల్, మా సెనేటర్లు డాడ్, లీబర్‌మన్, కాంగ్రెస్ సభ్యుడు రాబ్ సిమన్స్ పార్టీలు పక్కన పెట్టి ఒక్కటయ్యారు. కానీ అసలు పని చేసింది రిటైరైన సబ్‌మెరైన్ అధికారులు. పెంటగాన్ కాగితాలు ముందేసుకుని ఒక్కో అంకె కింద గీత గీశారు. కొత్త చోట రేవులు, పాఠశాల కట్టే ఖర్చు తక్కువగా వేశారు, మిగిలేది ఎక్కువగా చూపారు అని పట్టుకున్నారు. బేస్ నేలలో దశాబ్దాల నాటి రసాయనాలున్నాయి. 1990 నుంచి అది దేశంలోకెల్లా కలుషితమైన స్థలాల జాబితాలో ఉంది. వదిలి వెళితే శుభ్రం చేసే ఖర్చు ఎంతవుతుందో చూశారా అని అడిగారు. అన్నిటికన్నా బలమైన వాదన ఇంకొకటి. నడిపేవాళ్ళు, నేర్పేవాళ్ళు, కట్టేవాళ్ళు ఒకే నది మీద, కొద్ది మైళ్ళలో ఉన్నారు. దాన్ని విడదీస్తే మళ్ళీ అతకదు.

జూలై 6న బోస్టన్‌లో విచారణకి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఒక ఊరి బతుకు కూడికలు తీసివేతల మీద ఆధారపడడం మొదటిసారి చూశాను. ఇంటికొచ్చాక నా క్లాసు నోట్సులో ఆ పద్దులు ఎక్కించుకున్నాను. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కూడా కమిషన్‌కి ఉత్తరం రాశారు. ఆయన 1948లో ఇక్కడే శిక్షణ పొందారు. ఆయన పేరు పెట్టిన సబ్‌మెరైన్ 2005 ఫిబ్రవరిలోనే ఈ రేవులో నేవీలో చేరింది.

ఆగస్టు 24న కమిషన్ బేస్‌ని ఉంచేయాలని ఓటు వేసింది. వంటింట్లో టీవీ ముందు నిలబడే ఏడ్చేశాను. పొయ్యి మీద పప్పు మాడింది.

ఆ తర్వాత రాష్ట్రం చేసిన పని నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. జాబితా వచ్చాక పరుగెత్తడం ఇక చాలనుకున్నారు. 2007లో సైనిక వ్యవహారాలకి ప్రత్యేక కార్యాలయం పెట్టారు. ఫెడరల్ కంచె లోపల రాష్ట్ర ప్రజల డబ్బుతో పాత సదుపాయాలు బాగు చేయించారు, డైవర్లకి భవనం కట్టించారు. మన పన్ను డబ్బు వాళ్ళ ఇంటికెందుకని అడిగినవాళ్ళున్నారు. 1868లో భూమి ఇచ్చినరోజే ఆ ఇల్లు మనది కూడా అయిందని నేననేదాన్ని.

మా బేస్‌ని ఉంచేయమన్న వారమే, మెయిన్ రాష్ట్రంలోని బ్రన్స్‌విక్ నేవల్ ఎయిర్ స్టేషన్‌ని మూసేయమని అదే కమిషన్ చెప్పింది. అక్కడివాళ్ళూ లెక్కలు వేశారు, బోస్టన్‌కి వచ్చారు. 2011 మే ఆఖర్లో అది మూతపడింది. ఆ వేసవిలో మావారూ నేనూ అటు వెళుతూ కంచె పక్కన కారు ఆపాం. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలు రెండు, పక్కపక్కనే, ఖాళీగా ఉన్నాయి. గేటుకి ఎదురుగా టిఫిన్లు అమ్మే చోటొకటి తెరిచే ఉంది. లోపలికి వెళ్ళి కాఫీ అడిగాం. పెద్దావిడ రెండు కప్పులు తెచ్చిపెట్టి, "ఎక్కణ్ణించి వచ్చారు?" అంది. గ్రోటన్ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.