ఆవని కొండకింద ఒక పూట



మొన్న ఆదివారం ముళబాగిలు దగ్గరున్న ఆవనికి వెళ్లొచ్చాను. చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని ఎక్కిన కొండే. వాల్మీకి ఆశ్రమం ఇక్కడేననీ, లవకుశులు ఇక్కడే పుట్టారనీ, పైన సీతమ్మ గుడిలో మొక్కుకుంటే పిల్లలు పుడతారనీ అవ్వ చెప్పేది.

ఈసారి కింద రామలింగేశ్వరుడి గుడి ఆవరణలోనే చాలాసేపు కూర్చున్నాను. రాముడి పేర ఒకటి, తమ్ముళ్లు లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర తలా ఒకటి, అన్నీ శివాలయాలే. 10వ శతాబ్దంలో నొళంబ రాజుల నాటివి. తర్వాత చోళులూ బాగు చేయించారు. ఆ కాలపు శాసనం ఒకటి త్రిభువనకర్తారుడనే శైవాచార్యుణ్ణి తలుస్తుంది. 40 ఏళ్లు ఈ స్థానాన్ని ఏలి, 50 గుళ్లు కట్టించి, రెండు పెద్ద చెరువులు తవ్వించాడట. వాననీళ్లు నిలిస్తేనే పంట చూసే మన కోలారు సీమలో, గుళ్లతోపాటు చెరువుల్నీ లెక్కరాసిన ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

కొండ దిగేటప్పుడు బండమీద ఎవరివో పేర్లు కనిపించాయి. ఏడో తరగతిలో నేనూ ఇటుకముక్కతో రాశాను. అవ్వ తిట్టి, తన కొంగు తడిపి ఇచ్చి, నాచేతే తుడిపించింది.

వచ్చే నెల సంఘం తరఫున ఆవనికి వెళ్దామా? పిల్లల్నీ తీసుకురండి. ఇటుకముక్కలు మాత్రం వద్దు.