శక్తికి కొలతలు – భిలాయి పాఠము

మన పల్లెలలో ధాన్యమును కుంచముతోను, మానికతోను, సోలతోను కొలిచెడివారు; బెల్లమును వీసెలలో తూచెడివారు. ఒక ఊరి కుంచము పొరుగూరి కుంచముతో సరిపోనిచోట సంతలో తగవు తప్పెడిది కాదు. శక్తిని కొలుచుటలో మానవజాతి కథయు ఇట్టిదే.

18వ శతాబ్దమున జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమును గుఱ్ఱముతో పోల్చి, నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పనిని ఒక అశ్వశక్తి యనెను. ఇది పని జరుగు వేగమునకు కొలతయే గాని, జరిగిన పనికి కొలత కాదు. వేడిమికి వేరు కొలతలు పుట్టినవి. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయు ఉష్ణము కిలోకేలరీ. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయునది బ్రిటిషు ఉష్ణమానము, అనగా బి.టి.యు.

పనిని, వేడిమిని ఒక త్రాసులో తూచినవాడు ఇంగ్లండు దేశీయుడగు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. బీరు తయారుచేయు కుటుంబమున జన్మించిన ఈతడు, క్రిందికి దిగు బరువులచే నీటిలో తెడ్లను త్రిప్పించి, నీరు వేడెక్కుటను ఓపికతో కొలిచెను. ఒక బి.టి.యు. సుమారు 772 అడుగు-పౌనుల పనికి సమానమని 1850లో ప్రకటించెను. ఆయన పేరిట ఏర్పడిన జౌలునే ఉష్ణమునకును ప్రమాణముగా 1948లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ అంగీకరించెను.

1955 ఫిబ్రవరి 2న భిలాయి కర్మాగారమునకై భారత, సోవియట్ ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనెను. సోవియట్ నిపుణులది కిలోకేలరీల లెక్క. దుర్గాపురపు కర్మాగారమును నిర్మించిన బ్రిటిషువారిది బి.టి.యు.ల లెక్క. 1956 నాటి చట్టముతో మన దేశము మెట్రిక్ పద్ధతిని చేపట్టెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు భిలాయి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి.

ఉక్కు కర్మాగారమునకు ఈ లెక్క ప్రాణము. బ్లాస్టు ఫర్నేసు వాయువు ఘనమీటరునకు సుమారు 800 కిలోకేలరీల నిచ్చును. కోకు ఓవెను వాయువు 4,000కు పైగా నిచ్చును. ఘనమీటర్లను మాత్రమే కూడినచో, బియ్యమును ఊకను కలిపి కొలిచినట్లగును. ఉష్ణమును లెక్కించినప్పుడే ఏ వాయువు ఎంత విలువ చేయునో, ఎంత వృథా యగుచున్నదో తెలియును. టన్ను ఉక్కునకు పట్టు శక్తిని మన కర్మాగారములు నేటికిని గిగాకేలరీలలో చెప్పుచున్నవి. ఒక గిగాకేలరీ యనగా పది లక్షల కిలోకేలరీలు.

మరి మన ఇంటి మీటరు చూపు యూనిటు ఏమి? అది కిలోవాటు-గంట. వాటు వేగమునకు కొలత. దానిని కాలముతో గుణించిననే శక్తి యగును. నూరు వాట్ల దీపము పది గంటలు వెలిగిన ఒక యూనిటు. అది 36 లక్షల జౌళ్లు, లేక సుమారు 860 కిలోకేలరీలు. కాని బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమున ఒక యూనిటు పుట్టుటకు సుమారు 2,500 కిలోకేలరీల ఉష్ణము ఖర్చగును. అనగా ఇంట ఒక పాలు ఆదా చేసినచో, బాయిలరు వద్ద దాదాపు మూడు పాళ్లు మిగులును.

కొలిమి చెంత గిగాకేలరీ లెక్కించు ఉద్యోగియు, ఇంట దీపమార్పు ఇల్లాలును కాపాడుచున్నది ఒకే బొగ్గును. కొలతలు వేరైనను శక్తి యొక్కటే.