78వ ఏట చెవిన పడ్డ సింఫనీ

1954 ఫిబ్రవరి 1న బీబీసీ రేడియోలో ఒక సింఫనీ ప్రసారమైంది. వాద్యబృందాన్ని నడిపింది సర్ ఏడ్రియన్ బోల్ట్. రాసింది హావర్గల్ బ్రయన్. అప్పటికి మూడు రోజుల ముందే ఆయనకు 78 నిండాయి. ఇప్పుడు 8వ సింఫనీగా లెక్కించే ఆ రచన వాద్యాల మీద పలికిన రోజునే, తన సింఫనీ ఒకటి మొదలు నుంచి చివరిదాకా ఎలా ఉంటుందో బ్రయన్ తొలిసారి విన్నారు.

దీని వెనక ఉన్నది రాబర్ట్ సింప్సన్. 1951లో బీబీసీ సంగీత విభాగంలో చేరిన ఈ యువకుడు కూడా సింఫనీ రచయితే; మొత్తం 11 సింఫనీలు రాశారు. సాటివాడి ప్రతిభను మెచ్చుకుని ఊరుకునేవారు చాలామంది ఉంటారు. సింప్సన్ తన కుర్చీకి ఉన్న అధికారాన్ని మరొకరి సంగీతం కోసం ఖర్చు పెట్టారు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా అక్కడే ఉంది.

బ్రయన్‌ది స్టాఫర్డ్‌షైర్‌లోని కుండల పరిశ్రమ ప్రాంతం. 12 ఏళ్లకే బడి మానేశారు. మొదట్లో పేరొచ్చింది, ఒక సంపన్నుడు ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చి పోషించాడు కూడా. 1913లో కాపురం చెదరడంతో ఆ వెలుగూ పోయింది. ఇతరుల స్వరలిపికి నకళ్లు రాసి, సంగీత పత్రికలో ఉపసంపాదకుడిగా పనిచేసి బతికారు. ఆ లేమిలోనే, 1919 నుంచి 1927 దాకా, ‘గోథిక్’ సింఫనీ రాశారు. దాదాపు రెండు గంటల రచన అది. వందల మంది గాయకులు, పిల్లల బృందం, ఆర్గన్, మామూలు ఆర్కెస్ట్రాకు తోడు విడిగా నాలుగు ఇత్తడి వాద్య దళాలు కావాలి. రిషార్డ్ స్ట్రాస్‌కు అంకితమిచ్చారు. వాయించే నాథుడు లేడు.

మన కీర్తన ఒక్క గొంతు ఉంటే బతికిపోతుంది. సింఫనీకి ఆ వీలు లేదు. స్కోరులో ఉన్నదాన్ని ఒక్కో వాద్యానికీ విడిగా రాయించాలి, తప్పులు దిద్దాలి, వాద్యబృందం తేదీలు పట్టాలి, సాధనకు గంటలు అడగాలి, పై అధికారులను ఒప్పించాలి. విసుగు పుట్టించే ఈ పని అంతా సింప్సన్ దశాబ్దాల తరబడి చేశారు. ‘గోథిక్’ను 1961లో బ్రయన్ ఫెయిర్‌ఫాక్స్ నిర్వహణలో ఎక్కువగా ఔత్సాహికులే వినిపించారు. 1966 అక్టోబరు 30న రాయల్ ఆల్బర్ట్ హాల్లో బోల్ట్ నడిపిన ప్రదర్శన సింప్సన్ పట్టుదల ఫలితమే. సభలో 90 ఏళ్ల బ్రయన్ ఉన్నారు.

మరో సంగతి కూడా చెప్పాలి. ఇద్దరి సంగీతానికీ పోలికే లేదు. సింప్సన్‌ది ఒక మొలక నుంచి క్రమంగా ఎదిగే తర్కం. బ్రయన్ ఉన్నట్టుండి దారి మార్చేస్తారు, మెట్లు వదిలేసి దూకుతారు. తన బాణీకి దగ్గరైనవాళ్లనే సింప్సన్ మోశారని ఎవరూ అనలేరు. బ్రయన్ కోసమే కాదు, ఇతరుల కోసమూ ఆయన పనిచేశారు: డెన్మార్క్ స్వరకర్త కార్ల్ నీల్సన్ సింఫనీల మీద 1952లోనే పుస్తకం రాశారు, తర్వాత బ్రూక్నర్ మీద ఇంకొకటి.

సింప్సన్ చేయించిన బ్రయన్ ప్రసారాల ఫలం శ్రోతలకే పరిమితం కాలేదు. వినేవాళ్లున్నారని తెలిశాక బ్రయన్ కలం ఆగలేదు. మొత్తం 32 సింఫనీల్లో 20కి పైగా 80 దాటాక రాసినవే. చివరి రెండూ 1968లో, 92వ ఏట పూర్తయ్యాయి. ఒక మూల కూర్చుని ఫైళ్లు నడిపిన మనిషి లేకపోతే ఇందులో ఎంత భాగం పుట్టేదో ఊహించండి.

బ్రయన్ సింఫనీల తొలి వాణిజ్య రికార్డు 1972లో లెస్టర్‌లో తయారైంది. 10వ, 21వ సింఫనీలను వాయించింది లెస్టర్‌షైర్ పాఠశాలల వాద్యబృందంలోని బడి పిల్లలు. దాని వెనకా సింప్సన్ ఉన్నారు. ఆ ఏడాది నవంబరు 28న బ్రయన్ కన్నుమూశారు. ఆయన సింఫనీలను ఒక్కొక్కటిగా రేడియోలో వినిపించే పని మాత్రం ఆ తర్వాత కూడా కొనసాగింది.