ఆకాశానికి సరిహద్దులు

ఆకాశానికి ఎల్లలు లేవనడం కవిత్వంలో చెల్లుతుంది. చరిత్రలో చెల్లదు. 1944 డిసెంబరులో షికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక మొదటి అధికరణమే, ప్రతి రాజ్యానికీ తన భూభాగం పైనున్న ఆకాశం మీద సంపూర్ణాధికారం వున్నదని ప్రకటించింది. ఒక దేశపు విమానం ఇంకొక దేశంలో దిగి ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. వారానికి ఎన్ని సర్వీసులు, ఎన్ని సీట్లు అన్నదంతా బేరమే. ఈ నియమం రాసేనాటికి ఆఫ్రికాలో అత్యధిక భాగమూ, మనమూ పరపాలనలోనే వున్నాం. బేరమాడే శక్తి ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

మన ప్రాంత చరిత్రలోనే ఇందుకు ఉదాహరణ వుంది. 1945లో నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పింది. పెద్ద వాటా ప్రభుత్వానిది. సింగరేణి కంపెనీలో అధిక వాటాలను ఆ ప్రభుత్వం కొన్నది కూడా ఆ ఏడాదే. నేల కింది బొగ్గూ, నెత్తిమీది దారీ ఒక్క చేతిలోకే వచ్చాయి. తెల్లదొరలు పోయాక స్వతంత్రరాజ్యంగా మిగలాలన్న ఆశకు రెండూ కావలసినవే కదా! 1948లో భారత ప్రభుత్వం హైదరాబాదును దిగ్బంధించినప్పుడు, ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. పల్లె రైతుకు ఏనాడూ తెరుచుకోని ఆకాశం తుపాకులకు తెరుచుకున్నది. 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్ తక్కిన ఏడు కంపెనీలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

రామకృష్ణాపూర్, మందమర్రి, గోదావరిఖని గనుల బొగ్గు రైలెక్కి దూరతీరాలకు పోయింది. విమానం మాత్రం ఈ ప్రాంతాన్ని మొహమాటానికి పలకరించినట్టే పలకరించింది. గోదావరికి ఆవల బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు వారు రన్‌వే వేసుకున్నారు; 1980లలో ప్రభుత్వ సంస్థ వాయుదూత్ కొంతకాలం అక్కడికి చిన్న విమానాలు నడిపింది. 1993లో వాయుదూత్ కథ ముగిసింది. 1994లో పాత చట్టం రద్దయి ప్రయివేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. ఆ తలుపులోంచి బసంత్‌నగర్‌కు ఎవరూ రాలేదు. పైగా 2008లో మొదలైన శంషాబాదు విమానాశ్రయపు ఒప్పందంలో, 25 ఏళ్ళపాటు 150 కిలోమీటర్ల లోపల మరొక కొత్త విమానాశ్రయం రాకూడదన్న షరతు చేరింది. నిజాం కాలంలో వెలసిన వరంగల్ మామునూరు ఆ షరతు కింద నలిగి, 2025లో గాని అనుమతికి నోచుకోలేదు. స్వేచ్ఛావిపణి మంత్రం చదివేవారే గుత్తహక్కు రాయించుకోవడం ఇందులోని వింత.

ఆఫ్రికా కథ ఇంతకంటే పెద్దది గాని, మూలం ఇదే. అక్కడ వలస పాలకులు వేసిన రైలు గనినుంచి ఓడరేవుకు పోయింది. పొరుగు దేశంతో దానికి పనిలేదు. విమానమూ ఆ జాడనే పట్టింది: డాకర్ నుంచి పారిస్‌కు, లాగోస్ నుంచి లండన్‌కు. స్వాతంత్ర్యాలు వచ్చాక కూడా, పక్కదేశానికి పోవలసినవాడు యూరప్ చుట్టి రావలసిన అవస్థ పూర్తిగా పోలేదు. 1961లో ఫ్రెంచి ఏలుబడిలో వుండిన 11 దేశాలు కలిసి ఎయిర్ ఆఫ్రిక్ పెట్టుకున్నాయి. అందులోనూ ఫ్రెంచి పెట్టుబడి వుంది. 2002లో అది దివాలా తీసింది. ఐవరీకోస్టులోని యముసుక్రోలో 1988లో ఒక ప్రకటన, 1999లో ఒక నిర్ణయం వెలువడ్డాయి. ఆఫ్రికా విమానాలు ఆఫ్రికాలో అడ్డులేకుండా తిరగాలన్నది వాటి సారాంశం. 2018 జనవరిలో 23 దేశాలతో ఏకవిపణిని ప్రారంభించారు. అయినా పాత ఒప్పందాలను, వీసాలను, భారీ పన్నులను వదులుకోవడానికి చాలా ప్రభుత్వాలు వెనుకాడాయి.

ఈ వెనుకాటును అవివేకమని కొట్టివేయలేం. తలుపు తీస్తే ముందుగా లాభపడేది ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ వంటి పెద్ద సంస్థే. టోగో, మలావీ దేశాల విమాన సంస్థల్లో ఇప్పటికే దానికి వాటాలున్నాయి. కాని అది ఆఫ్రికా ప్రభుత్వరంగ సంస్థ. తలుపు మూసి వుంచితే లాభపడేవాళ్ళు పారిస్‌లోనూ, లండన్‌లోనూ వున్నారు. నా మొగ్గు తెరవడంవైపే.

మన సాహిత్యంలో విమానం గల్ఫ్ వలసతోనే ప్రధానంగా ప్రవేశించింది. ఏజెంటు మోసాన్నీ, ఇంటి అప్పునూ మన కథకులు బాగా పట్టుకున్నారు. టిక్కెట్టు ధర వెనుక వున్న సీట్ల బేరం అంతగా కథలకెక్కలేదు. దుబాయికి వారానికి ఎన్ని సీట్లన్నది ఈనాటికీ రెండు ప్రభుత్వాలు కూర్చొని తేల్చేదే. 1980లలో కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలవాళ్ళు బస్సెక్కి బొంబాయి చేరి, తమ ఊరివాళ్ళ గదుల్లో సర్దుకొని, ఆ సీటు కోసమే కాచుకు కూచున్నారు.