ఇంగ్లండు గోడ మీద చైనా తీగ

కాకరకు నులితీగలుంటాయి. చిక్కుడు కాడే మెలికలు తిరుగుతూ పందిరెక్కుతుంది. క్లెమాటిస్ అనే పూలతీగకు ఈ రెండూ చేతకావు. దాని ఆకు తొడిమే దానికి చెయ్యి. సన్నటి పుల్లో దారమో తగిలితే తొడిమ ఒక చుట్టు చుట్టి గట్టిగా పట్టుకుంటుంది. లావు గుంజ పాతారా, పట్టు చిక్కక కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. అరచెయ్యంత విచ్చుకునే ఆ ఊదా పువ్వులో మనం రేకులనుకునేవి అసలు రేకులే కావు, రంగు తేలిన రక్షక పత్రాలు.

ఇంగ్లండులో పాత ఇళ్ల గుమ్మాల పక్కన ఈ తీగను చూస్తే తరతరాలుగా అక్కడిదే అనిపిస్తుంది. ఆ దేశానికి సొంతమైన క్లెమాటిస్ ఒక్కటే. కంచెల మీద పాకి చిన్న తెల్లపూలు పూస్తుంది. చలికాలానికి గింజల కుచ్చులు నెరిసిన గడ్డంలా వేలాడతాయి కనుక పల్లెజనం దాన్ని ‘ముసలాయన గడ్డం’ అన్నారు. 1597లో జాన్ జెరార్డ్ తన మూలికల గ్రంథంలో ‘బాటసారి సంతోషం’ అని ముచ్చటైన పేరు పెట్టాడు. పేరుకు ఉన్న అందం పువ్వుకు లేదు. దక్షిణ ఐరోపా నుంచి 16వ శతాబ్దంలోనే విటిసెల్లా అనే రకం వచ్చింది. పూలు చిన్నవి, ప్రాణం మాత్రం మహా మొండి. ఈ మొండితనాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది. 1831లో మన హిమాలయాల మోంటానా కూడా ఇంగ్లండు చేరింది. పంపినావిడ గవర్నర్ జనరల్‌గా చేసిన ఆమ్‌హర్స్ట్ ప్రభువు భార్య.

పెద్ద పూలు వచ్చింది మాత్రం తూర్పు నుంచే. జపాన్ తోటల నుంచి వృక్షశాస్త్రజ్ఞులు థన్‌బర్గ్ ఒక రకాన్ని, జీబోల్ట్ మరో రకాన్ని ఐరోపాకు తెచ్చారు. 1850లో చైనాలోని నింగ్బో దగ్గర రాబర్ట్ ఫార్చ్యూన్‌కు లానుగినోసా అనే రకం కనబడింది. ఈస్టిండియా కంపెనీ కోసం చైనా తేయాకు మొక్కల్ని గుట్టుగా హిమాలయాలకు దాటించిన ఫార్చ్యూనే ఇతను. ఆ ప్రయాణాల్లోనే ఈ లేతనీలం పువ్వూ చేజిక్కింది.

సర్రే జిల్లా వోకింగ్‌లో జాక్‌మన్ కుటుంబానికి 1810 నాటి నర్సరీ ఉండేది. 1858లో అక్కడ లానుగినోసా పువ్వు మీద విటిసెల్లా సంతతి పుప్పొడి రాశారు. మొలిచిన నారులో ఒకటి 1862లో ముదురు ఊదారంగులో విరగబూసింది. మరుసటేడు లండన్ కెన్సింగ్టన్ ప్రదర్శనలో మొదటి తరగతి యోగ్యతాపత్రం కొట్టేసింది. అదే జాక్‌మనీ. ఆ తర్వాత ఊరూరా క్లెమాటిస్ పిచ్చి పట్టింది. 1872లో థామస్ మూర్, జార్జ్ జాక్‌మన్ కలిసి ఈ తీగ మీద ఏకంగా ఒక పుస్తకమే వేశారు.

పిచ్చి ముదిరితే ఏమవుతుంది? ఇంకా పెద్ద పువ్వు, ఇంకా వెడల్పు పువ్వు అంటూ చైనా, జపాన్ రకాలనే మళ్లీ మళ్లీ కలిపారు. 19వ శతాబ్దం చివరికి తోటల్లో ఎండు తెగులు దిగింది. నిన్న మొగ్గలతో నిగనిగలాడిన తీగ ఇవాళ వేడినీళ్లు పోసినట్టు వాలిపోతుంది. ఆకులు నల్లబడతాయి. తోటమాలులు నీరు తక్కువైందన్నారు, ఎరువు ఎక్కువైందన్నారు. అసలు దోషి కాడను కాటేసే ఒక శిలీంధ్రం. అమెరికాలో గ్లోయర్ అనే శాస్త్రవేత్త 1915లో ఆ సంగతి తేల్చాడు. అప్పటికే చాలామంది ఈ తీగకో నమస్కారం పెట్టేశారు.

నా మటుకు తెగులుకన్నా ఆశే ఎక్కువ చెరుపు చేసింది. పూల వెడల్పు కొలిచినవాళ్లు కాడ బలాన్ని కొలవలేదు. విటిసెల్లా మాత్రం తెగులును బాగానే తట్టుకుంది. ఫ్రాన్సులో లియోన్ నర్సరీ యజమాని ఫ్రాన్సిస్క్ మోరెల్ మళ్లీ ఆ మొండిదాన్నే చేరదీశాడు. అతని మొక్కలు ససెక్స్‌లో విలియం రాబిన్సన్ తోటకు చేరితే, అక్కడి తోటమాలి ఎర్నెస్ట్ మార్కమ్ వాటిని సాకి, 1935లో క్లెమాటిస్ మీద పుస్తకం రాశాడు. ఆయన పేరుతోనే ఉన్న ఎర్ర క్లెమాటిస్ ఇప్పటికీ దొరుకుతుంది. తర్వాత పోలండులో, వార్సా మఠం తోటలో, స్టెఫాన్ ఫ్రాంచాక్ అనే జెస్యూట్ సోదరుడు కొత్త రకాలెన్నో పుట్టించాడు. ఒకదానికి పోప్ రెండో జాన్ పాల్ పేరు పెట్టుకున్నాడు.

మన ఎండలకు ఈ పెద్దపూల రకాలు ఓర్చవు. లండన్ శివార్లలోనో సియాటిల్‌లోనో పెరట్లో పెట్టుకున్న తెలుగువాళ్లకు మాత్రం ఒక మాట. నాటేటప్పుడు కింది రెండు కణుపులు మట్టిలో మునిగేలా నాటండి. మొదలు నీడలో, తల ఎండలో ఉండాలి. ఒక ఉదయం తీగ మొత్తం వాలిపోయి కనిపిస్తే, నేల మట్టానికి కోసి, కోసిన కాడల్ని చెత్తబుట్టలో పారెయ్యండి. ఆ తెగులు సాధారణంగా వేళ్ల దాకా పోదు. కనుక ఆ వేసవే కాకపోతే పై వసంతం దాకా చూడండి. పార మాత్రం తియ్యకండి.