గోల్కొండ దర్వాజా తెరిచింది తోపు కాదు

"మంచి హథియార్లు ఉన్నవాడిదే ఫతే" అనే మాట మన ఇళ్లలో తరచూ వింటుంటాం. "మనవాళ్ల దగ్గర ఇంకాస్త పెద్ద తోపులుంటే తారీఖే మారిపోయేది" అని బుజుర్గులు బాధపడతారు కూడా. ఈ మాటలో నిజమెంతో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. గోల్కొండ ఖిలా చాలు.

1686లో బీజాపూర్‌ను గెలిచిన ఔరంగజేబు, 1687 మొదట్లో గోల్కొండను చుట్టుముట్టాడు. ఆయన తోప్‌ఖానా మామూలుది కాదు. పేట్ల బురుజు మీద ఇప్పటికీ కనిపించే 'ఫతే రహ్‌బర్' దానిలోదే. ఆ పేరుకు ఫతేకి దారి చూపేది అని అర్థం. కానీ ఎనిమిది నెలలపాటు అది ఏ దారీ చూపలేదు. ఖిలాలోని తోపులు గట్టిగా జవాబిచ్చాయి. మొగలులు గోడల కింద సొరంగాలు తవ్వి బారూదు నింపితే, లోపలివాళ్లు పసిగట్టి కొంత మందు లాగేశారు. పేలుడు వెనక్కి తన్ని మొగల్ సిపాయిలే వందల్లో చనిపోయారు. పైగా వానలు, వరదలు, కరువు, రోగాలు మొగల్ ఛావనీని పీల్చేశాయి.

మరి ఖిలా ఎలా పడింది? సెప్టెంబర్‌లో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దార్ ఖిడ్కీ దర్వాజా తీశాడు. అతన్ని కొన్నది సొమ్ము, హోదాల ఆశ. అబ్దుర్ రజ్జాక్ లారీకి కూడా ఇలాంటి ఆశే చూపారు. ఆయన ఆ ఫర్మానాను అందరి ముందూ చించేశాడని ఖాఫీ ఖాన్ రాశాడు. దర్వాజా తెరుచుకున్న రాత్రి లారీ ఒంటి మీద దాదాపు 70 గాయాలతో పడిపోయాడు.

అయితే నేరమంతా పన్నీ మీదే వేసి లేచిపోతే అది ఇన్సాఫ్ కాదు. 1685లోనే సిపహ్‌సాలార్ మీర్ ముహమ్మద్ ఇబ్రహీం మొగలులతో కలిసిపోయాడు. హైదరాబాద్ నగరం అప్పుడే చేజారింది. 1686లో సల్తనత్‌ను నడిపిస్తున్న వజీరు మాదన్ననూ, సోదరుడు అక్కన్ననూ సొంతవాళ్లే వీధిలో చంపించారు. ఒకరి మీద ఒకరికి భరోసా పోయిన దర్బారుకు ఎంత మందం గోడ కడితే ఏం లాభం?

గెలిచిన ఔరంగజేబు సంగతీ చూడండి. గోల్కొండ ఖజానా, తోపులు అన్నీ ఆయన చేతికొచ్చాయి. అయినా మరాఠాలను అణచలేక మరో 20 ఏళ్లు దక్కన్‌లోనే తిరిగి, 1707లో అహ్మద్‌నగర్ దగ్గర ఇంతెఖాల్ అయ్యాడు.

హథియార్లు అక్కర్లేదని నేననడం లేదు. మంచి తోపులు లేకపోతే గోల్కొండ ఎనిమిది నెలలు కాదు, ఎనిమిది వారాలు కూడా నిలిచేది కాదేమో. తోపు గోడను కాపాడుతుంది. దర్వాజాను కాపాడేది మాత్రం మనుషుల వఫాదారీయే. మన పిల్లలకు ఖిలా చూపించేటప్పుడు తోపుల దగ్గర ఫోటోలు దిగితే సరిపోదు, లారీ పేరు కూడా చెప్పండి.